ఒకే స్కూప్, రెండు బరువులు: ఇంటి కుకీల సైజు సమం చేసిన ఒక కేసు

నేపథ్యం

ఇంట్లో బేకింగ్ చేసి అమ్ముకునేవాళ్లకు తయారీలో, ప్యాకింగ్‌లో, ధర కట్టడంలో సాయం చేయడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్నది కోస్తాలో ఒక మోస్తరు పట్టణంలో ఉండే అత్తాకోడళ్ల కేసు. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. పిండి, బరువులు, ఓవెన్ సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉంచాను. కుకీలు సమంగా రావడం లేదని నా దగ్గరికి వచ్చే చాలామంది ఎక్కడ తిరుగుతుంటారో వీళ్లూ అక్కడే తిరిగారు. ముందు ఓవెన్‌ని అనుమానిస్తారు, తర్వాత రెసిపీని మారుస్తారు, సైజు సంగతి చివరిదాకా ఎవరికీ తట్టదు.

అత్తగారికి యాభై దాటాయి. సున్నుండలు, అరిసెలు, కజ్జికాయలు ఆర్డర్ల మీద చేసివ్వడంలో ఆవిడది పేరున్న చెయ్యి. కోడలు వచ్చాక ఇద్దరూ కలిసి కుకీలు మొదలుపెట్టారు. గోధుమపిండి, బెల్లం పొడి, వెన్న, పలాస జీడిపప్పు ముక్కలు, కాస్త యాలకుల పొడి. మైదా, పంచదార వాడరు. రుచికి వంక పెట్టడానికి లేదు. ఉన్నది 30 లీటర్ల ఓటీజీ (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్), వాయికి ఒక ట్రే, ట్రేకి 12 కుకీలు. ఆ పన్నెండూ ఒక ప్యాకెట్. దాని మీద 300 గ్రాములని వేసి ఊళ్లో ఒక స్వీట్ షాపుకు ఇస్తున్నారు.

వచ్చిన సమస్య

షాపాయన కొన్ని ప్యాకెట్లు తిప్పి పంపాడు. వాటిని తూచి చూస్తే తేలికైనది 274 గ్రాములు, బరువైనది 331. తక్కువున్న ప్యాకెట్‌తో కొన్నవాళ్లకు నష్టం, ఎక్కువున్న ప్యాకెట్‌తో వీళ్లకు నష్టం. పైగా ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద నికర బరువు ముద్రించాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) నిబంధనలు చెబుతాయి. ముద్రించిన అంకెకి లోపలి సరుకు కట్టుబడి ఉండాలి. దీన్ని చిన్న విషయమని వదిలేయడానికి లేదు.

రెండో ఫిర్యాదు ఇంకా ఇబ్బందికరం. ఒకే ప్యాకెట్‌లో ఒక కుకీ అడుగు మాడి చేదెక్కితే, ఇంకోటి నడుమ పచ్చిగా ఉంటోంది. ఆ పచ్చిదనం దానితోనే పోదు. కవర్ సీల్ చేశాక మధ్యలో మిగిలిన తేమ చుట్టుపక్కల కుకీల్లోకి ఎక్కుతుంది. బెల్లానికి తేమ పీల్చే గుణం పంచదార కన్నా ఎక్కువ. నాలుగు రోజులు తిరక్కుండానే, బాగా కాలిన కుకీలు కూడా మెత్తబడిపోతాయి. "ప్యాకెట్ తెరిస్తే కరకరలాడటం లేదు" అని షాపులో వచ్చిన మాటకి కారణం ఇదే.

నేను వెళ్లేసరికి పెద్ద ఓవెన్ కొనడానికి ఇద్దరూ సిద్ధమై ఉన్నారు. పాతదాని వెనక వైపు ఎక్కువ కాలుతోందని కోడలు అంది. అది నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క కారణం ఇవన్నీ చేస్తోందా అన్నది తేలకుండా అంత డబ్బు పెట్టించడం నాకు ఇష్టం లేకపోయింది.

కారణం వెతికిన తీరు

కాలడంలో తేడా రెండు దారుల్లో రావచ్చు. కుకీ ఉన్న చోటును బట్టి, లేదా కుకీ ఉన్న సైజును బట్టి. రెంటినీ విడదీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. అత్తగారు ఎప్పటిలాగే అరచేతిలో ఉండలు చుట్టారు. ఒక్కో ఉండను తూచి, ట్రేలో పరిచిన బటర్ పేపర్ మీద దాని పక్కనే బరువు పెన్సిల్‌తో రాశాం. కాలాక రంగు చూసి పోల్చాం.

ఉండల బరువులు 19 నుంచి 38 గ్రాముల దాకా ఉన్నాయి. పెద్దది చిన్నదానికి సరిగ్గా రెట్టింపు! అత్తగారు నమ్మలేదు. "చూడమ్మా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయిగా" అన్నారు. పచ్చి ఉండలు పక్కపక్కన పెడితే నిజంగానే ఒక్కలాగే కనిపిస్తాయి. ఉండ బరువు రెట్టింపైనా దాని అడ్డుకొలత పెరిగేది పావు వంతు కన్నా కొంచెమే ఎక్కువ. మూడు సెంటీమీటర్ల ఉండ 3.8 అవుతుంది, అంతే. ఎంత అనుభవమున్న కన్నుకైనా ఆ తేడా దొరకదు. ఇందులో ఆవిడ నేర్పుకి వచ్చిన లోటేమీ లేదని గట్టిగా చెప్పాను. సున్నుండ ఓవెన్‌లోకి వెళ్లదు. అటూ ఇటూ అయినా రుచి మారదు కాబట్టి ఇన్నేళ్లూ ఈ తేడా బయటపడే సందర్భమే రాలేదు.

కాలిన ట్రే చూస్తే సంగతి తెలిసింది. వెనక వరసలో రంగు కాస్త ఎక్కువున్న మాట నిజం. కానీ ముందు వరసలో ఉన్న 20 గ్రాముల కుకీ కూడా మాడింది. వెనక వరసలో ఉన్న 37 గ్రాముల కుకీ నడుమ పచ్చిగానే ఉంది. అంటే చోటు కన్నా సైజు ఎక్కువ పని చేస్తోంది. ఓవెన్ లోపం ఉన్నా సైజు తేడా దాన్ని కప్పేస్తోంది. ముందు సైజు సరిచేయాలి, ఓవెన్ సంగతి ఆ తర్వాతే చూడాలి అని తేల్చుకున్నాం.

ప్రయత్నించినవి, కుదరనివి

మొదట తట్టేది ప్రతి ఉండనూ తూచడం. కచ్చితత్వంలో దీన్ని మించింది లేదు. ఇక్కడ అడ్డుపడింది ఎండ. ఆ వంటింట్లో మధ్యాహ్నం వేడికి పిండి ముద్ద నిమిషాల్లో సడలిపోతుంది. వెన్న పూర్తిగా కరగడానికి 32 నుంచి 35 డిగ్రీలు చాలు, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఉండ తీసి, తూచి, చిటికెడు కలిపి, చిటికెడు తీసి, మళ్లీ చుట్టేసరికి అరచేతి వేడి కూడా తోడవుతుంది. ట్రే నిండేలోపు మొదట పెట్టిన ఉండలకు నూనె మెరుపు వచ్చేసింది. బరువులు సమంగానే ఉన్నా అవి ఓవెన్‌లో పల్చగా పరుచుకున్నాయి, చివరివి ఉబ్బుగా నిలబడ్డాయి. ఒక తేడాను తీసేసి ఇంకో తేడాను తెచ్చిపెట్టుకున్నట్టయింది. పండగ ఆర్డర్ల రద్దీలో ఇది జరిగే పని కూడా కాదు.

ముద్దను పొడుగ్గా చుట్టి, ఫ్రిజ్‌లో గట్టిపరిచి, చాకుతో బిళ్లలు కోయడం కోడలి ఆలోచన. ఏ పలుకులూ లేని నున్నటి పిండికి ఇది చక్కటి పద్ధతి, నేనూ చాలామందికి చెబుతుంటాను. వీళ్ల పిండిలో జీడిపప్పు ముక్కలున్నాయి. చాకు ముక్కకి తగిలిన చోటల్లా బిళ్ల పగిలింది. పప్పు సన్నగా తరిగితే కోత బాగుంటుంది కానీ, పంటికి తగిలే పలాస జీడిపప్పు కోసమే జనం ఈ కుకీ కొంటున్నారు. దాన్ని పోగొట్టే మార్పు వద్దనుకున్నాం.

రెండు చెంచాలతో తీసి జార్చడం కూడా చూశాం. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చెంచా మీద కుప్ప ఎంతన్నది ప్రతిసారీ మారింది.

స్కూప్ ఎంపిక

అప్పుడు స్కూప్ వైపు వచ్చాం. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ క్రాల్ 1897లో పేటెంట్ తీసుకున్న ఐస్‌క్రీమ్ స్కూప్ ఆలోచనే ఇప్పటికీ నడుస్తోంది. గిన్నె లోపలి గోడను రాసుకుంటూ ఒక పట్టీ తిరిగి, అంటుకున్న పదార్థాన్ని కిందికి దించుతుంది. కుకీలకు ఆ పట్టీ ఉన్న రకమే కావాలి. చేతి వేడి గిన్నెకు పాకి ఐస్‌క్రీమ్ జారేలా పిడిలో ద్రవం నింపిన పట్టీ లేని రకమూ ఉంది. వెన్న ఉన్న పిండికి ఆ వేడే శత్రువు.

ఇద్దరూ అప్పటికే స్టీల్ సామాన్ల కొట్లో ఒక స్కూప్ కొనిపెట్టుకున్నారు. దాని గిన్నె అడ్డం 5 సెంటీమీటర్లు. దాంతో తీస్తే ఒక్కో ఉండ 39 గ్రాములు తూగింది. కుకీలు సమంగా ఉన్నాయి కానీ పెద్దవి. పన్నెండు పెడితే 400 గ్రాములు దాటుతుంది, ఎనిమిది పెడితే ప్యాకెట్ బోసిగా ఉంటుంది. చేతిలో ఉన్న పనిముట్టుకి ప్యాకెట్‌ను సర్దుకోవడం నాకు నచ్చలేదు. అమ్మే ప్యాకెట్ నుంచి వెనక్కి లెక్క కట్టి స్కూప్ కొనాలి.

లెక్క ఇలా కట్టాం. 300 గ్రాములను పన్నెండుతో భాగిస్తే కాలిన కుకీ 25 గ్రాములు. కాలేటప్పుడు తేమ పోయి ఈ పిండి పదకొండు శాతం దాకా బరువు తగ్గుతోందని ట్రే కాల్చే ముందూ కాల్చాకా తూచి చూసుకున్నాం. కాబట్టి పచ్చి ఉండ 28 గ్రాములు ఉండాలి. ఈ పిండి మిల్లీలీటరుకు సుమారు 1.2 గ్రాములు తూగుతుంది. అంటే స్కూప్‌లో 23, 24 మిల్లీలీటర్లు పట్టాలి. అర్ధగోళం లెక్కన 4.5 సెంటీమీటర్ల గిన్నెలో పట్టేది దాదాపు 24. సరిపోయింది.

సైజుల సంగతి కొనేవాళ్లు గమనించాలి. 4 సెంటీమీటర్ల గిన్నెలో పట్టేది 17 మిల్లీలీటర్ల లోపే, 5 సెంటీమీటర్ల దాంట్లో 33 దాకా. అడ్డం ఒక్క సెంటీమీటరు పెరిగితే కుకీ దాదాపు రెట్టింపవుతుంది. అమెరికా పద్ధతి స్కూప్‌ల మీద సైజుకి బదులు ఒక నంబర్ ఉంటుంది. ఒక క్వార్ట్, అంటే 946 మిల్లీలీటర్లలో, ఆ స్కూప్‌తో ఎన్నిసార్లు తీయొచ్చో చెప్పే అంకె అది. అందుకే నంబర్ పెరిగేకొద్దీ స్కూప్ చిన్నదవుతుంది. 40 నంబరుది మేం కొన్న 4.5 సెంటీమీటర్లకు దగ్గర, 60 నంబరుది 4 సెంటీమీటర్లకు దగ్గర.

స్కూప్ వచ్చాక ఎదురైన చిక్కులు

ముందు పిండి సంగతి. కోడలు పిండిని గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీసింది. రాయిలా బిగుసుకుంది. స్కూప్ దిగలేదు, బలవంతం చేస్తే లోపలి పట్టీ ఒంగింది. బయటపెట్టి వదిలేస్తే మెత్తబడి పట్టీకి అంటుకుంది. కుకీ ముద్దను చల్లబరచాలన్న మాట అందరూ చెబుతారు. ఎప్పుడు అన్నదే ముఖ్యం. క్రమం తిప్పేశాం. పిండి కలిపాక కాసేపే ఫ్రిజ్‌లో ఉంచి, వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి అంటకూడదు అన్న పదునులో స్కూప్‌తో తీసేయాలి. తీసిన ఉండలను ట్రేతో సహా మళ్లీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. గట్టిపడేది కొలిచాక కాబట్టి స్కూప్‌కి కష్టం లేదు. ఓవెన్‌లోకి అన్నీ ఒకే చల్లదనంతో వెళతాయి కాబట్టి పరుచుకోవడమూ ఒకేలా ఉంటుంది. జీడిపప్పు కూడా కందిగింజంతకు మించని ముక్కలుగా చేశాం. పట్టీ వాటిని దాటిపోతుంది, పంటికీ తగులుతాయి.

ఆ తర్వాతిదే ఈ కేసు రాయడానికి అసలు కారణం. అదే పిండి, అదే స్కూప్. అత్తగారు తీసిన ఉండలు 33 గ్రాములు, కోడలివి 27. ఇద్దరి చేతుల్నీ దగ్గరగా చూస్తూ కూర్చున్నాను. అత్తగారు స్కూప్‌ను పిండి గిన్నె మధ్యలోకి గుచ్చి, అదిమి, పైకి ఉబ్బుగా తీసి అలాగే దించేస్తున్నారు. కొసరు వేసే చెయ్యి అది. కోడలు పైపైన లాగి తీస్తోంది. ఆమె స్కూప్ బయటికి నిండుగా ఉన్నా, బోర్లిస్తే ఉండ కింద చిన్న గుల్ల. "అత్తయ్యా, మీ దాంట్లో శిఖరం ఉంది, నా దాంట్లో గుల్ల ఉంది" అని కోడలే పట్టుకుంది.

స్కూప్ కొంటే సైజు దానంతటదే సమమవుతుందని అనుకుంటారు. స్కూప్ కొలిచేది బరువును కాదు, అది పట్టే చోటును. ఆ చోటు పూర్తిగా నిండి, అంచుకి సమంగా ఉంటేనే కొలత అవుతుంది. మానికతో బియ్యం కొలిచేటప్పుడు అంచు మీద కర్రతో గీసినట్టు గీయమన్నాను. అత్తగారికి ఆ ఒక్క మాట చాలింది. పిండి గిన్నె గోడకేసి స్కూప్‌ను లాగుతూ నింపడం, అదే గిన్నె అంచుకి ఒక్కసారి గీసి దించడం. లోపలి గుల్ల గోడ ఒత్తిడికి పోతుంది, పైశిఖరం అంచు దగ్గర తెగిపోతుంది. దీనికోసం పల్చటి ప్లాస్టిక్ గిన్నె తీసేసి, అంచు నిటారుగా ఉన్న బరువైన స్టీల్ గిన్నె పెట్టాం. ఆ పూటే ఇద్దరి ఉండలూ 28 గ్రాములకు అటూ ఇటూ ఒక గ్రాము తేడాలోకి వచ్చాయి.

ఇంకొక రోజు ఉన్నట్టుండి అన్ని ఉండలూ 25 గ్రాములే తూగాయి. గీయడం సరిగ్గానే ఉంది. ఆరా తీస్తే, వెన్న, బెల్లం పొడి బీటర్‌తో గిలక్కొడుతూ మధ్యలో ఫోన్ వస్తే అలా నడవనిచ్చారట. గాలి ఎక్కువ చేరి పిండి తేలికైంది. స్కూప్‌లో అదే చోటు నిండింది, బరువు తగ్గింది. అప్పటినుంచి గిలక్కొట్టే సమయం గడియారం చూసి మూడు నిమిషాలకు కట్టేశాం. పిండి కలిపిన ప్రతిసారీ మొదటి ఉండ, మధ్యలో ఒకటి, చివర ఒకటి తూచే నియమం పెట్టుకున్నాం. అన్నీ తూచక్కర్లేదు. ఈ మూడూ సరిగ్గా ఉంటే మిగతావి నమ్మొచ్చు. మొదటిదే తేడాగా ఉంటే ట్రే నిండకముందే తెలుస్తుంది.

కాల్చే దగ్గర

స్కూప్ ఉండ ఎత్తుగా, గుండ్రంగా ఉంటుంది. మైదా, పంచదార కుకీ వేడికి తనంతట పరుచుకుంటుంది. గోధుమపిండిలోని తవుడు తేమను పట్టేస్తుంది కాబట్టి ఈ పిండి అంతగా పరుచుకోదు. అలాగే కాలిస్తే అంచు ఎర్రబడేసరికి నడుమ ఇంకా పచ్చి. అందుకని ఫ్రిజ్‌లోకి వెళ్లేముందే అడుగు చదునుగా ఉన్న స్టీల్ గ్లాసుతో, మధ్యలో చిన్న బటర్ పేపర్ ముక్క పెట్టి, ఒక్కో ఉండను వేలి మందానికి అదిమాం. బరువు ఒకటే, మందం ఒకటే.

అప్పుడు కనిపించింది ఓవెన్ అసలు స్వభావం. కుకీలన్నీ ఒకే సైజులో ఉన్నాయి కాబట్టి, వెనక వరస ముదురు రంగు ఇక చోటు వల్ల వచ్చిందేనని తేలిపోయింది. దీనికి కొత్త ఓవెన్ అక్కర్లేదు. బెల్లం త్వరగా రంగు తిరుగుతుంది కనుక వేడి 160 డిగ్రీలకు తగ్గించి, సగం సమయంలో ట్రేను ముందుది వెనక్కి తిప్పి పెట్టడం చాలింది. ఇదే పని సైజులు తేడాగా ఉన్న రోజుల్లో కోడలు చేసి చూసి, ఫలితం లేదని మానేసిందట. ఆ రోజుల్లో ఫలితం వచ్చినా కనిపించే వీలు లేదు.

ఫలితం, ఇందులోంచి నా పనిలోకి తీసుకున్నవి

ప్యాకెట్లు ఇప్పుడు 300 నుంచి 306 మధ్య తూగుతున్నాయి. తక్కువ రాకుండా ఉండేందుకు లక్ష్యాన్ని కావాలనే కాస్త పైన పెట్టుకున్నాం. మునుపు తూకం కోసం కుకీ విరిచి కలపడం, తీసేయడం ఉండేది. అది పోయింది. షాపాయన మళ్లీ తీసుకుంటున్నాడు. ఓవెన్ కోసం దాచిన డబ్బుతో వాళ్లు రెండో ట్రే, మంచి సీలింగ్ మెషిన్ కొనుక్కున్నారు. ఒక ట్రే కాలుతుంటే ఇంకోటి ఫ్రిజ్‌లో చల్లబడుతుంది.

ఈ కేసు తర్వాత, సమంగా కాలడం లేదని ఎవరు వచ్చినా ముందు బటర్ పేపర్ మీద బరువులు రాయించి ఒక ట్రే కాల్పిస్తున్నాను. సైజు తేడా పోకుండా పిండి కొలతలు మార్చినా, వేడి మార్చినా ఏది పనిచేసిందో తెలియదు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే ఇళ్లలో అయితే అందరి చేతా ఒకే స్కూప్‌తో తీయించి విడివిడిగా తూస్తున్నాను. స్కూప్ కొనమని చెప్పే ముందు ప్యాకెట్ బరువు, కుకీల సంఖ్య అడుగుతున్నాను. ఈ రెండూ తేల్చుకోకుండా కొన్న స్కూప్‌లు చాలా ఇళ్లలో అరల్లో పడి ఉంటున్నాయి.

స్కూప్‌తో తీరనిది ఒకటి మిగిలింది. వీళ్లు తర్వాత మొదలుపెట్టిన రాగి కుకీల పిండి పొడిపొడిగా ఉంటుంది. రాగిలో గ్లూటెన్ లేదు, ముద్ద పట్టు తక్కువ. స్కూప్ నుంచి దించగానే ఉండ విడిపోతుంది. నీళ్లు, పాలు చేర్చి అంటుకునేలా చేస్తే కుకీ గట్టిబడి పోయింది. కాబట్టి అక్కడ స్కూప్‌ను కొలతకే వాడుతున్నారు. అంచుకి గీసి, నేరుగా అరచేతిలోకి దించి, సున్నుండలా గట్టిగా నొక్కి ఉండ కడతారు. ఆ పిండిలో వెన్న తక్కువ కనుక చేతి వేడి అంతగా ఇబ్బంది పెట్టదు. రాగి కుకీల పని మొత్తం ఇప్పుడు అత్తగారిదే.